ఎంత పరిగెత్తావోయ్?

మన పెద్దవాళ్లకి దూరం చెప్పటం ఏమంత చిక్కుగా ఉండేది కాదు. కేక వేస్తే వినపడేంత దూరం, చుట్ట కాల్చేంత దూరం, క్రోసెడు, ఆమడ - ఇవీ వాళ్ల కొలతలు. బస్సు దిగి "ఊరెంత దూరం తాతా?" అని అడిగితే "ఎంతో లేదు బాబూ, ఆ చింతచెట్టు దాటితే వచ్చేసినట్టే" అనేవారు. ఆ చింతచెట్టు దాటాక మరో చింతచెట్టు కనిపించేది. అయినా ఎవరూ తాతని తప్పు పట్టేవారు కాదు. ఆయన చెప్పింది ఉజ్జాయింపు అని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు.

ఇప్పుడా తాత చోటులోకి చేతి గడియారం వచ్చింది. గడియారం లేనివాళ్లకి జేబులో ఫోను ఉండనే ఉంది. పొద్దున్నే గ్రౌండు చుట్టూ పరిగెత్తి ఆగితే చాలు, "10.02 కి.మీ., సగటు వేగం గంటకి 16.8 కి.మీ." అని దశాంశాలతో సహా చెప్పేస్తుంది. నిజానికి ఇదీ ఉజ్జాయింపే. కాని ఆ మాట అది చెప్పదు, మనమూ అడగం. దశాంశం చూడగానే మనకి నమ్మకం కుదిరిపోతుంది. కిందటి సంవత్సరం ఆ నమ్మకం వల్ల మా హాస్టల్లో ఒక కుర్రవాడికి రావలసిన చోటు కొద్దిలో తప్పిపోబోయింది. ఆ గొడవలో నాకు బాగా దగ్గరైన స్నేహితుడొకడు నాతో మాట్లాడటం మానేశాడు కూడాను. అంచేత ఈ గడియారాలు వేగం ఎలా కొలుస్తాయో, ఎక్కడ నమ్మొచ్చో, ఎక్కడ నమ్మకూడదో నాకు తెలిసినంత మేరకు మన సంచికలో రాద్దామని కూర్చున్నాను. ఫిజిక్సు అనగానే పేజీ తిప్పెయ్యకండి. పైథాగరస్ సిద్ధాంతం మించి ఇందులో గణితమేమీ లేదు.

ముందు జరిగింది చెప్తాను.

కిందటి ఆగస్టులో అంతర్ విశ్వవిద్యాలయ క్రాస్ కంట్రీ పోటీలకి ఆరుగురిని ఎంపిక చెయ్యాల్సి వచ్చింది. మామూలుగా అయితే గ్రౌండులో 25 రౌండ్లు పరిగెత్తించి, ముందొచ్చిన ఆరుగురి పేర్లు రాసేసుకుంటారు. ఆ నెలలో వాన వదల్లేదు. గ్రౌండు చెరువైంది. పేర్లు పంపవలసిన తేదీ దగ్గర పడుతోంది. మా పి.డి. గారు మంచివారు, పిల్లలంటే ప్రాణం. ఆయనే ఒక ఉపాయం ఆలోచించారు. "ఎవరికి వీలున్న దారిలో వాళ్లు 10 కి.మీ. పరిగెత్తండి. ఫోన్లో వచ్చిన లెక్క నాకు పంపండి" అన్నారు. అందరికీ బాగానే ఉందనిపించింది. నాలుగు రోజుల్లో పద్నాలుగు మంది లెక్కలు వచ్చాయి. మొదటి అయిదు పేర్ల విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఆరో పేరు దగ్గరే వచ్చింది తిరకాసు.

ఆరో పేరు మా రూమ్మేటుది. 35 నిమిషాల 40 సెకన్లు. ఏడో పేరు శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక జూనియర్ది. 36 నిమిషాల 50 సెకన్లు. తేడా నిమిషం పైన. కాగితం మీద చూస్తే వాదించటానికేమీ లేదు. కాని నేను ఇద్దరితోనూ చాలా పొద్దుల్లు పరిగెత్తాను. మా రూమ్మేటు గట్టివాడే, సందేహం లేదు. అయినా చివరి రెండు కిలోమీటర్లలో ఆ జూనియర్ వెనకనుంచి వచ్చి మా ఇద్దర్నీ దాటిపోవటం నేను ఎన్నోసార్లు చూశాను. కళ్లతో చూసింది ఒకటి, ఫోను చెప్పింది మరొకటి.

జూనియర్ని అడిగితే "నాకా లెక్క తెల్దన్నా. ఫోను మా మావయ్య పాతది ఇచ్చేడు. చార్జింగు నిలబడదని బ్యాటరీ సేవర్లో పెట్టుకుంటాను" అన్నాడు. "ఎక్కడ పరిగెత్తేవురా?" అంటే "తోట చుట్టూ" అన్నాడు. మా క్యాంపసులో తోట చుట్టూ దారి పాములా మెలికలు తిరుగుతుంది. పైన మర్రిచెట్లు, రావిచెట్లు. మా రూమ్మేటు పరిగెత్తింది ఊళ్లోకి, అపార్టుమెంట్ల మధ్య తిన్నని వీధుల్లో. అతని చేతికి మంచి గడియారమే ఉంది. వాళ్ల అన్నయ్య పంపించాడు. ఈ రెండు వివరాలూ విన్నాక నాకు విషయం కొంత అర్థమైంది. మీకూ అర్థం కావాలంటే కాసేపు ఆకాశంలోకి చూడాలి.

మన నెత్తిమీద సుమారు 20,200 కి.మీ. ఎత్తున 30 దాకా జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి రోజుకి రెండుసార్లు భూమిని చుట్టివస్తుంది. ప్రతి ఉపగ్రహంలోనూ పరమాణు గడియారాలున్నాయి. అది చేసే పని ఒక్కటే. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమింత" అని రేడియో తరంగం ద్వారా ఎడతెగకుండా చెప్తూ ఉంటుంది. ఆ మాట మన దగ్గరికి చేరటానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. ఎంతసేపు పట్టిందో తెలిస్తే, కాంతి వేగంతో గుణించి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుసుకోవచ్చు. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తెలియాలి. కాని మన చేతి గడియారం పరమాణు గడియారం కాదు గనక దాని టైములో తప్పెంతో తేల్చటానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

ఇక్కడే తమాషా ఉంది. కాంతి సెకనులో వందకోట్లవ వంతులో 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే అలాంటి భాగాలు పది తప్పితే మన చోటు మూడు మీటర్లు పక్కకి జరిగినట్టే. దారిలో పైవాతావరణం తరంగాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది. కిందకి వచ్చాక చెట్ల ఆకులు దాన్ని బలహీనపరుస్తాయి. ఎత్తయిన మేడల గోడలకి తగిలి తిరిగి వస్తే అది నడిచిన దారి పెరుగుతుంది. గడియారానికి ఆ సంగతి తెలియదు, ఉపగ్రహమే దూరంగా ఉందనుకుంటుంది. మామూలు ఫోను ఆకాశం విశాలంగా కనిపించే చోట సుమారు 5 మీటర్ల లోపు తప్పుతో చోటు చెప్తుందని అమెరికా ప్రభుత్వం వారే చెప్తారు. మేడల మధ్య, చెట్ల కింద ఆ తప్పు ఇంకా పెరుగుతుంది. 2000 మే నెల దాకా అయితే అమెరికా సైన్యం వారు కావాలనే సంకేతాన్ని చెడగొట్టి పంపేవారు. అప్పుడు మామూలు మనుషుల రిసీవర్లలో 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ సంవత్సరం మే 2 నుంచి ఆ పద్ధతి మానేశారు. మానకపోతే ఈ పరుగు గడియారాల వ్యాపారమే ఉండేది కాదు.

దారి వెతుక్కోవటానికి 5 మీటర్ల తప్పు ఒక తప్పే కాదు. టీ కొట్టుకి వెళ్లాలంటే అయిదు మీటర్ల అవతల ఉన్నా కనిపిస్తుంది. కాని పరుగు కొలవటం దారి వెతుక్కోవటం లాంటిది కాదు. పరుగులో గడియారం సెకను సెకనుకీ ఒక చుక్క పెట్టి, చుక్కకీ చుక్కకీ మధ్య దూరాలన్నీ కూడుతుంది. అంచేత ప్రతి చుక్క దగ్గరా ఉన్న తప్పు మొత్తంలోకి చేరుతుంది.

మీరు తిన్నని వీధిలో సెకనుకి 4 మీటర్లు పరిగెత్తుతున్నారనుకుందాం. గడియారం ఒక చుక్కని సరైన చోట పెట్టి, తరవాతి చుక్కని ఒక మీటరు పక్కకి పెట్టింది. ఇప్పుడా రెండు చుక్కల మధ్య దూరం 4 మీటర్లు కాదు. పైథాగరస్ లెక్క ప్రకారం 16కి 1 కలిపి వర్గమూలం తియ్యాలి. 4.12 మీటర్లు వస్తుంది. తరవాతి చుక్క మళ్లీ గీత మీదికొస్తే మళ్లీ 4.12. చుక్క కుడికి జరిగినా, ఎడమకి జరిగినా దూరం పెరగటమే గాని తగ్గటం లేదు. ఇలా ప్రతి అడుగూ తప్పితే 3 శాతం పెరుగుతుంది. నిజానికి పక్కపక్క సెకన్లలో తప్పులు చాలావరకు ఒకే వైపు ఉంటాయి గనక మంచి చోట అంత తేడా రాదు. కాని వచ్చినంత మటుకు ఎక్కువ వైపే మొగ్గుతుంది. జి.పి.ఎస్. దూరాలు సగటున అసలు కన్నా ఎందుకు పెద్దవిగా వస్తాయో 2016లో ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ పరిశోధకులూ వారి సహచరులూ గణితంతో నిరూపించి చూపించారు. దూరం పెరిగితే, అదే టైములో ఎక్కువ పరిగెత్తినట్టు లెక్క. అంటే వేగం పెరిగినట్టు. మేడల మధ్య మా రూమ్మేటుకి జరిగిందిదే. పాపం అతను చేసిన మోసమేమీ లేదు.

జూనియర్‌కి జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. బ్యాటరీ మిగల్చాలని ఫోను సెకనుకొకసారి కాకుండా ఎప్పుడో ఒకసారి చుక్క పెట్టింది. వంకర దారిలో రెండు చుక్కల మధ్య తిన్నగా గీత గీస్తే వంకర అంతా ఎగిరిపోతుంది. 400 మీటర్ల ట్రాకు వంపు మీద సెకనుకి 4 మీటర్ల చొప్పున పరిగెత్తేవాడికి 5 సెకన్లకొక చుక్క పెట్టారనుకోండి. అతను పరిగెత్తింది 20 మీటర్ల చాపం. ఫోను కొలిచింది దాని జ్యా, 19 మీటర్ల 75 సెంటీమీటర్లు. ఒక శాతానికి పైగా తగ్గింది. తోట దారి వంపులు ట్రాకు వంపుల కన్నా బిగువైనవి, కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ పోతుంది. ఆ కుర్రాడు పరిగెత్తిన మెలికలన్నీ ఫోను తినేసిందన్నమాట. పది కిలోమీటర్లు అయిందని ఫోను ఒప్పుకునేసరికి అతను పది దాటి మరికొంత పరిగెత్తాడు.

ఇదంతా పి.డి. గారికి చెప్తే ఆయన శ్రద్ధగా విన్నారు. "నువ్వు చెప్పింది బాగానే ఉందయ్యా. కాని ఇది నీ ఊహ. మిషను తప్పంటున్నావు. నీ దగ్గరున్న సాక్ష్యమేమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న.

సాక్ష్యం కోసం మేం సైకిలు పట్టుకున్నాం. ఇది మా బుర్రలో పుట్టిన ఉపాయం కాదు. ప్రపంచంలో పేరున్న మారథాన్ దారులన్నీ ఈనాటికీ సైకిలుతోనే కొలుస్తారని చాలామందికి తెలియదు. ఉక్కు టేపుతో కనీసం 300 మీటర్ల తిన్నని గీత కొలుస్తారు. ఆ గీత మీద సైకిలు నడిపి ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పెడతారు. చక్రానికి తగిలించే లెక్క యంత్రాన్ని 1971లో అమెరికాలో జోన్స్ అనే ఆయన తయారుచేశాడు. అందుకే దాన్ని జోన్స్ కౌంటరు అంటారు. తరవాత పందెం దారంతా, వంపుల దగ్గర అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో అతి దగ్గర దారి పట్టుకుని సైకిలు నడుపుతారు. ఎండకి టైరులో గాలి వ్యాకోచిస్తుంది గనక పని అయ్యాక మళ్లీ ఆ 300 మీటర్ల మీద సరిచూస్తారు. చివరికి వెయ్యికి ఒకటి చొప్పున దూరం కలుపుతారు, దారి పొరపాటున కూడా తక్కువ కాకుండా. 42.195 కి.మీ. మీద అది సుమారు 42 మీటర్లు. మారథాన్ పరిగెత్తి వచ్చినవాళ్లు "నా గడియారంలో 42.6 వచ్చింది, దారి తప్పుగా కొలిచారు" అని నిర్వాహకుల మీద పడుతూ ఉంటారు. కొంత ఆ కలిపిన 42 మీటర్లు, కొంత గుంపులో పక్కలకి తిరిగి పరిగెత్తటం, మిగిలింది గడియారం వేసిన వడ్డీ.

మా దగ్గర జోన్స్ కౌంటరు లేదు. మెస్సు వంటమనిషి గారి సైకిలు ఉంది. ముందు చక్రం ఆకుకి ఎర్రగుడ్డ పీలిక కట్టాం. సివిల్ డిపార్ట్‌మెంటు వాళ్ల ఉక్కు టేపు అడిగి తెచ్చి లైబ్రరీ ముందు రోడ్డు మీద 300 మీటర్లు కొలిచాం. చక్రం నూట ముప్పై ఆరున్నర చుట్లు తిరిగింది. అంటే చుట్టుకి 2.2 మీటర్లకి రవ్వంత తక్కువ. ఆదివారం పొద్దున్నే, బళ్లు తిరగకముందు, నేను సైకిలు తొక్కుతుంటే ఇంకొకడు పక్కన స్కూటరు మీద వస్తూ పీలిక లెక్కపెట్టాడు. రూమ్మేటు పరిగెత్తిన వీధుల చుట్టు గడియారం ప్రకారం 2.50 కి.మీ. మాకు 1,110 చుట్లు వచ్చాయి, అంటే 2,440 మీటర్లు. తోట చుట్టు జూనియర్ ఫోను ప్రకారం 0.97 కి.మీ. మాకు 455 చుట్లు, అంటే వెయ్యి మీటర్లు. ఒకరికి రెండున్నర శాతం ఎక్కువ, ఇంకొకరికి రెండున్నర శాతానికి పైన తక్కువ. ఏదీ పెద్ద తప్పు కాదు. రెండూ కలిస్తే మాత్రం ఒక మనిషి చోటు తారుమారు చెయ్యటానికి సరిపోయాయి.

కాగితం చూసి పి.డి. గారు కాసేపు మాట్లాడలేదు. తరవాత "వాన తగ్గగానే ఇద్దర్నీ ట్రాకు మీద పరిగెత్తిస్తాను. ఎవరు ముందొస్తే వాళ్లు" అన్నారు.

ఆ రాత్రి మా గదిలో గడిపిన గంట నాకు ఇంకా గుర్తుంది. మా రూమ్మేటు కోపగించుకోలేదు, అరవలేదు. మంచం మీద కూర్చుని గడియారం విప్పి బల్లమీద పెట్టి "నాది దొంగ లెక్కంటావురా?" అన్నాడు. కాదురా, గడియారం లెక్క అది, నీది కాదు అన్నాను. "పేరు నాదే కదా లిస్టులో ఉన్నది" అన్నాడు. నిజమే. తప్పు ఉపగ్రహాలదైనా, మేడల గోడలదైనా, కొట్టేస్తే కొట్టేసేది అతని పేరే. అతను ఇంట్లో కూడా చెప్పేసుకున్నాడు, ఎంపికయ్యానని. సైన్సులో తప్పుల లెక్క నేర్చుకున్నప్పుడు ప్లస్ ఆర్ మైనస్ అని రాసేసి ముందుకెళ్లిపోతాం. ఆ ప్లస్ కింద ఒకడూ, మైనస్ కింద ఒకడూ ఉంటారని ఏ పుస్తకంలోనూ రాయరు.

మూడోనాడు గ్రౌండు ఆరింది. పి.డి. గారు స్వయంగా స్టాప్‌వాచీ పట్టుకున్నారు. చేత్తో నొక్కే స్టాప్‌వాచీలో సెకనులో నాలుగో వంతు దాకా తేడా రావొచ్చు. 100 మీటర్ల పందెంలో అది కొంప ముంచుతుంది, 25 రౌండ్లలో దాని ఊసే లేదు. ట్రాకు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. లోపలి అంచుకి 30 సెంటీమీటర్ల అవతల మొదటి లైనులో పరిగెత్తితేనే రౌండు 400 మీటర్లు. రెండో లైనులో పరిగెత్తేవాడు రౌండుకి 7 మీటర్లు ఎక్కువ పరిగెత్తుతాడు. 25 రౌండ్లకి అది 176 మీటర్లు. అంచేత పి.డి. గారు ఇద్దర్నీ మొదటి లైను విడవొద్దన్నారు. పదిహేడో రౌండు దాకా ఇద్దరూ కలిసే ఉన్నారు. ఆ తరవాత జూనియర్ మెల్లిగా విడదీసుకుని వెళ్లిపోయాడు. అతనిది 35 నిమిషాల 52 సెకన్లు. మా వాడిది 36 నిమిషాల 31 సెకన్లు.

జూనియర్ జట్టుతో వెళ్లాడు. కప్పులేమీ తేలేదు. వెళ్లిన ఆరుగురిలో రెండోవాడుగా పందెం ముగించాడు. అది చాలు. మా రూమ్మేటు మూడు వారాలు నాతో ముభావంగా ఉండి, ఒకరోజు పొద్దున్నే తనే లేపి "పదరా, పరిగెత్తుదాం" అన్నాడు. గడియారం కట్టుకునే వచ్చాడు. నేనేమీ అనలేదు.

ఇదంతా చదివి ఈ గడియారాలు పనికిరావని నేనంటున్నానని అనుకోకండి. దూరం విషయంలో తడబడే ఈ యంత్రం వేగం విషయంలో మనం అనుకున్నదాని కన్నా తెలివైనది. స్టేషనులో నిలబడినప్పుడు కూత వేస్తూ దూసుకొచ్చే రైలు మనల్ని దాటగానే కూత బొంగురుపోతుంది కదా. 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు డాప్లర్ చెప్పిన సూత్రం అది. జి.పి.ఎస్. తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. మనం ఉపగ్రహం వైపు సెకనుకి ఒక మీటరు చొప్పున కదిలితే దాని స్వరం సెకనుకి సుమారు 5 కంపనాలు మారుతుంది. 157 కోట్ల కంపనాల్లో అయిదు! రిసీవర్ ఆ మార్పుని పట్టుకోగలదు. అందులోంచి ఉపగ్రహం కదలికని తీసివేస్తే మన వేగం వస్తుంది. చుక్కలు పెట్టి తీసివెయ్యవలసిన పనే లేదు. మంచి రిసీవర్‌కి ఆకాశం బాగా కనిపిస్తే సెకనుకి 10 సెంటీమీటర్ల తేడాలోపు వేగం చెప్పగలదు.

చరిత్ర చూస్తే ఉపగ్రహాలతో దారి కనుక్కునే విద్య పుట్టిందే ఈ స్వరం మార్పులోంచి. 1957 అక్టోబరు 4న రష్యావాళ్లు స్పుత్నిక్ ఎగరేసినప్పుడు అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాలలో గయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు దాని బీప్ బీప్ స్వరం మారటం గమనించి, ఆ ఒక్కదానితోనే దాని కక్ష్య లెక్కగట్టారు. దాన్నే తిరగేస్తే కక్ష్య తెలిసిన ఉపగ్రహంతో మన చోటు తెలుసుకోవచ్చునని తట్టింది. ట్రాన్సిట్ అనే మొదటి వ్యవస్థ అలా వచ్చింది. జి.పి.ఎస్. ఆ తరవాతిది. మన శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదలుపెట్టి ఇస్రో వారు పంపిన నావిక్ ఉపగ్రహాలూ ఈ వంశంలోవే. 2023 మే 29న పంపిన ఉపగ్రహంతో చేతి గడియారాల్లాంటి చిన్న పరికరాలు తేలిగ్గా అందుకోగల తరంగం కూడా వీటిలో చేరింది.

మరి వేగం అంత బాగా తెలిస్తే గడియారం అంకె ఎందుకు గెంతుతుంది? ఒక కారణం మన చెయ్యి. పరుగులో చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గడియారం కొలిచేది మణికట్టు వేగం, మన వేగం కాదు. ఆ ఊపు కనిపించకుండా ఉండటానికి గడియారం కొన్ని సెకన్ల సగటు తీసి చూపిస్తుంది. అంచేత మీరు జోరు పెంచిన కాసేపటికి గాని అంకె పెరగదు. అన్నిటికన్నా నమ్మకూడనిది "గరిష్ఠ వేగం" అనే అంకె. వెయ్యి చుక్కల్లో 999 సరిగ్గా ఉండి ఒక్కటి తప్పితే సగటుకి ఏమీ కాదు. గరిష్ఠ వేగం మాత్రం ఆ తప్పిన ఒక్కదాన్నే వెతికి పట్టుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగుతూ గంటకి 90 కొట్టానని చెప్పే సైకిలు మిత్రుల్ని నేను అందుకే రెండోసారి అడుగుతాను. సముద్రం మీద తెరచాప పలకలతో పందాలు వేసుకునే విండ్‌సర్ఫింగ్ వాళ్లు ఈ సంగతి ముందే గ్రహించారు. వాళ్లు ఒక్క క్షణం అంకెతో తృప్తిపడరు. 10 సెకన్ల సగటులు అయిదు తీసి, ఆ అయిదింటి సగటు చూస్తారు. డాప్లర్ ద్వారా వచ్చిన వేగమేనా అని కూడా అడుగుతారు.

ఇహ మన క్యాంపసు మిత్రులకి నాకు తోచిన నాలుగు మాటలు. ఒకే గడియారంతో, ఒకే దారిలో, ఈ నెలా వచ్చే నెలా పోల్చుకోండి. తప్పు ఉన్నా చాలావరకు ఒకే తప్పు ఉంటుంది గనక మీరు మెరుగయ్యారో లేదో తెలుస్తుంది. బయలుదేరే ముందు ఆకాశం కనిపించే చోట ఒకట్రెండు నిమిషాలు ఆగి ఉపగ్రహాల్ని దొరకనివ్వండి. పరుగు రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ సేవర్ తీసెయ్యండి. ఇద్దరు మనుషుల్ని పోల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండు వేరు దారుల్లో రెండు వేరు యంత్రాలు చెప్పిన అంకెలు పక్కపక్కన పెట్టకండి. ఒకే నేల మీద ఒకే గీత దగ్గర ఇద్దర్నీ నిలబెట్టండి.

చివరగా విద్యార్థి సంఘం వారికీ, ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకీ ఒక మనవి. మా సివిల్ డిపార్ట్‌మెంటు టేపు ప్రతిసారీ అడిగి తెచ్చుకోవటం కష్టంగా ఉంది. వ్యాయామ విద్యా విభాగానికి 50 మీటర్ల ఉక్కు టేపు ఒకటి, స్టాప్‌వాచీలు రెండు కావాలి. లైబ్రరీ నుంచి గేటు దాకా రోడ్డు పక్కన ప్రతి 100 మీటర్లకీ ఒక తెల్లగీత గీయించటానికి రెండు డబ్బాల పెయింటు కావాలి. వాన వచ్చి గ్రౌండు చెరువైనా ఆ రోడ్డు ఉంటుంది. చేతికి గడియారం ఉన్నవాడూ, మావయ్య పాత ఫోను ఉన్నవాడూ, ఏమీ లేనివాడూ ఆ గీతల మధ్య ఒకే దూరం పరిగెత్తుతారు. కొలిచే పని మాకు వదిలెయ్యండి. ఎర్రగుడ్డ పీలిక ఇంకా నా దగ్గరే ఉంది.